రిటైరయ్యాక పికప్ బండి: మన్యం ఘాట్‌లో మేము నేర్చుకున్నది



కొన్నేళ్ళుగా మీలో చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. చేతికి కొంత డబ్బు వస్తుంది. ఒక పికప్ కొంటే ఎలా ఉంటుంది? ఇంటి పనికీ పనికొస్తుంది, సొసైటీ పనికీ పనికొస్తుంది కదా?" ఇన్నాళ్ళూ అడిగినవారికి ఫోనులోనే తోచింది చెబుతూ వచ్చాం. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మరిచిపోయాం. అందుకే ఈ సంచికలో అంతా ఒకచోట పెడుతున్నాం.

మేము ముగ్గురం. ఒకరు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఒకరు ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పారు. మూడోవారు అరకులో కిరాణా కొట్టు నడిపి, ఇప్పుడు కొట్టు కొడుక్కి అప్పగించారు. ముగ్గురికీ కలిపి ఒకే పికప్. దాని మీద మా సామాను, సంత సరుకు, సొసైటీ తరఫున చలికాలంలో దుప్పట్లు, రంజాన్‌లో రేషన్ కిట్లు కొండ ఎక్కుతుంటాయి. ఇందులో చెప్పే తప్పులన్నీ మేము చేసినవే.

బండి మీదికి మనసు ఎందుకు పోతుంది

మైదానంలో రిటైరైనవారు స్థలం కొంటారు, లేదా బ్యాంకులో వేస్తారు. మన్యంలో స్థిరపడిన మనలాంటివారికి ఈ రెండు దారులూ అంత తేలిక కావు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. జనం నోట అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. గిరిజనుల భూమి గిరిజనుల దగ్గరే ఉండాలన్నది దాని ఉద్దేశం. అది న్యాయమైనదే. ఇక బ్యాంకు వడ్డీ మాటంటారా, మన ఇళ్ళలో చాలామంది దాన్ని తీసుకోరు. అలా మిగిలిన డబ్బు కళ్ళ ముందు కదిలే వస్తువు కావాలనుకుంటుంది. అది బండి అవుతుంది.

అవసరమూ లేకపోలేదు. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలై అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా లోయలోకి చేరతాం. లోయ ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. ఇటు హుకుంపేట, పాడేరు, అటు డుంబ్రిగూడ, ముంచింగిపుట్టు, ఎక్కడికి వెళ్ళినా వారపు సంతే బజారు. పసుపు, రాజ్‌మా, మిరియాలు, చింతపండు, కాఫీ గింజలు దిగాలి. బియ్యం, ఉప్పు, నూనె ఎక్కాలి. ఒకప్పుడు ఈ పనంతా కమాండర్ జీపులు చేసేవి. 2005లో టాటా ఏస్ వచ్చింది. జనం దానికి 'ఛోటా హాథీ' అని పేరు పెట్టారు. తర్వాత బొలెరో పికప్, 2011 నుంచి అశోక్ లేలాండ్ దోస్త్. ఇప్పుడు ఏ సంత దగ్గర చూసినా వాటి వరుసే.

కనుక కోరిక తప్పు కాదు. కాకపోతే కొనే రోజు ఉన్నంత సులువుగా ఆ తర్వాత పదేళ్ళు ఉండవు.

ముందుగా బోర్డు రంగు

షోరూమ్‌లో ధర అడిగే ముందు ఒక విషయం తేల్చుకోండి. మీకు కావలసింది తెల్ల బోర్డు బండా, పసుపు బోర్డు బండా?

వెనక తొట్టి ఉండి, ముందు ఐదుగురు కూర్చునే డబుల్ క్యాబ్ పికప్‌లను సొంత వాహనంగా తెల్ల బోర్డుతో రిజిస్టర్ చేసుకోవచ్చు. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ అలాంటిది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు ఉంటుంది. ఏటా ఫిట్‌నెస్ గొడవ లేదు. ఖరీదు మాత్రం ఎక్కువ. దాని మీద కిరాయికి సరుకు వేశారంటే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ మాటనే.

సరుకు మోసే సింగిల్ క్యాబ్ పికప్ మామూలుగా పసుపు బోర్డు, అంటే రవాణా వాహనం. కొత్త బండికి మొదట రెండేళ్ళ ఫిట్‌నెస్ ఇస్తారు. ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడూ చేయించాలి. బండి మొత్తం బరువు, అంటే సరుకుతో కలిపి అనుమతించిన బరువు, 3,000 కిలోలు మించకపోతే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. మించితే కావాలి. ఒకే పేరుతో వచ్చే పికప్‌లలో కూడా కొన్ని మోడళ్ళు ఈ గీతకు ఇటు, కొన్ని అటు ఉంటాయి. సేల్స్ కుర్రవాడి మాట కాకుండా కాగితం మీద ఉన్న అంకె చూడండి.

లైసెన్సు విషయంలో చాలాకాలం నలిగిన ప్రశ్న ఒకటి తేలింది. కారు నడిపే ఎల్.ఎం.వి. లైసెన్సుతో పసుపు బోర్డు పికప్ నడపవచ్చా? మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటనే 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది. మనబోటి పికప్‌లన్నీ ఆ బరువులోపువే.

డీజిల్ బండి కొనేవారికి ఇంకొక మాట. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి కాసేపు ఆగకుండా ఒక వేగంతో నడిస్తేనే ఆ మసి లోపలే కాలిపోతుంది. ఇంటి నుంచి సంతకూ, సంత నుంచి ఇంటికీ నాలుగేసి కిలోమీటర్లు రెండో గేరులో తిరిగే బండిలో మసి కాలదు, పేరుకుంటుంది. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే బిల్లు వేలల్లో వస్తుంది. అందుకే మేము పదిహేను రోజులకోసారైనా బండిని మంచి రోడ్డు మీద అరగంటకు తక్కువ కాకుండా నడుపుతాం.

ఎక్కడం కాదు, దిగడమే పరీక్ష

ఘాట్ అనగానే కొత్తవారికి బండి ఎక్కుతుందా లేదా అన్న భయం. ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. ప్రాణం మీదికి తెచ్చేది దిగుడు.

చిన్న లెక్క చూడండి. సరుకుతో కలిపి మూడు టన్నుల బండి 900 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. ఆ ఎత్తులో బండికున్న శక్తంతా దిగేసరికి వేడిగా మారాలి. ఆ వేడితో సుమారు 80 లీటర్ల చల్లని నీళ్ళను మరిగేదాకా కాచవచ్చు. అందులో కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను మింగుతుంది. మిగిలిందంతా నాలుగు చక్రాల దగ్గరున్న బ్రేకులు భరించాలి. తక్కువ గేరులో దిగితే ఇంజను ఎక్కువ మింగుతుంది. పై గేరులో దిగితే భారమంతా బ్రేకుల మీదే.

అందుకే పాత డ్రైవర్లు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమంటారు. అది చాదస్తం కాదు. బ్రేకు మీద కాలు అదిమి ఉంచకూడదు. గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి, వదిలేసి, చల్లారనివ్వాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం, ఇంజను ఆపి దింపడం ప్రాణాంతకం. ఇంజను ఆగితే బ్రేకుకు బూస్టరు సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది. ఆపైన పెడల్ రాయిలా మారుతుంది.

ఇది మాకు ఎలా తెలిసిందో చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం చీకటి పడే వేళ, పసుపు బస్తాలతో శృంగవరపుకోట వైపు దిగుతున్నాం. నడుపుతున్నది మాలో పెద్దాయన, అప్పటికి 67 ఏళ్ళు. త్వరగా దిగిపోదామని మూడో గేరులో ఉన్నాం. కాలిన వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాం. రెండు మలుపులు తిరిగాక పెడల్ మెత్తగా లోపలికి పోయింది. అల్లాహ్ దయవల్ల ఎడమ పక్క కొండ వైపు రాళ్ళ కుప్ప ఉంది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, దానికి ఆనించి ఆపాం. బంపరు పోయింది, మేము మిగిలాం. ఫోను చేస్తే కింద నుంచి మెకానిక్ కుర్రవాడు వచ్చి మొదట అన్న మాట, "చాచా, డ్రమ్ములు ముట్టుకోకండి, చెయ్యి ఊడిపోద్ది." తర్వాత అతను చూపించింది బ్రేకు ఆయిల్. నల్లగా కాఫీ డికాక్షన్‌లా ఉంది. కొన్న నాటి నుంచి మార్చలేదు. మాలో ఒకరు ముప్పై ఏళ్ళు బస్సుల బ్రేకులు చూసిన మెకానిక్. సొంత బండి దగ్గరికి వచ్చేసరికి "ఇంకా బాగానే ఉందిలే" అనుకున్నాం.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి, బ్రేకు పట్టదు. రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్పించడానికి అయ్యే ఖర్చు ఒక సంత రోజు టీ, టిఫిన్ల ఖర్చుకు కొంచెం ఎక్కువ. ఆ కొంచెం దగ్గర మేము పిసినారితనం చేశాం.

2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ రోడ్డు మీద రోజూ తిరిగేవారికి కూడా అలవాటు ధీమాగా మారకూడదు.

వర్షం, మంచు, ఎర్రమట్టి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆ తర్వాత తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలకు వేలు కూలాయి, రోడ్లు మూసుకుపోయాయి. అంత పెద్ద తుఫాను అక్కర్లేదు. మామూలు వానకే కొండచరియ జారి మట్టి రోడ్డు మీదికి వస్తుంది. అందుకే బండిలో తాడు, పార, టార్పాలిన్, చక్రం కింద పెట్టే రెండు చెక్క ఊతలు ఎప్పుడూ ఉంటాయి.

ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు పక్కకు జారతాయి. వానాకాలంలో ఖాళీగా తిరగాల్సి వస్తే మేము తొట్టిలో రెండు మూడు ఇసుక బస్తాలు కట్టి ఉంచుతాం. సరుకు వేసేటప్పుడు బరువైనవి కింద, క్యాబిన్ వైపుకు. తోక మీద బరువు పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు తేలికవుతుంది. అది మంచి గుర్తు కాదు.

డిసెంబరు, జనవరిలో మంచు ఇంకొక రకం. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయే రోజులుంటాయి. తెల్లవారుజామున పాత బ్యాటరీ మొరాయిస్తుంది. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీని చలికాలం రాకముందే పరీక్ష చేయించండి. మంచులో లైట్లు డిమ్‌లో ఉండాలి. బ్రైట్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయడం చాలామందికి అలవాటు. వెనకవాడికి మనం ఎటు తిరుగుతామో తెలియదు. అవి ఆగిన బండికి మాత్రమే. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికే దారి. 2017 డ్రైవింగ్ నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి.

గోడ మీది కాగితం

మా షెడ్డు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఎవరు బండి తీసినా దాని మీద టిక్కు పెట్టాల్సిందే.

ప్రతి ఉదయం ఇంజను ఆయిల్, కూలెంట్, బ్రేకు ఆయిల్ మట్టం, టైర్ల గాలి చూడాలి. స్టెప్నీలో గాలి కూడా. అవసరం పడిన రోజున స్టెప్నీ ఖాళీగా ఉండటం మాకు రెండుసార్లు జరిగింది. ప్రతి నెలా కమాన్ పట్టీలు, వాటి బోల్టులు, గ్రీజు కొట్టాల్సిన చోట్లు. కొండ రోడ్డు గుంతల్లో మొదట విరిగేది కమాన్ పట్టీయే. డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు చేరే గిన్నె ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి ఆ నీళ్ళు వదలాలి. ప్రతి ఆరు నెలలకు డ్రమ్ములు విప్పించి లైనర్లు మన కళ్ళతో చూడాలి. రెండేళ్ళకు బ్రేకు ఆయిల్.

క్లచ్ గురించి ఒక మాట. మలుపులో ఆగినప్పుడు హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం కొత్తవారి అలవాటు. హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి కదలడం నేర్చుకుంటే క్లచ్ ప్లేటు రెండింతలు వస్తుంది.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, రీడింగు, వేసిన డీజిల్, చేయించిన పని రాయండి. వయసు మీదపడ్డాక జ్ఞాపకం మీద మెయింటెనెన్స్ నడవదు. మైలేజీ ఉన్నట్టుండి పడిపోతే ఏదో పట్టేస్తోందని పుస్తకమే ముందు చెబుతుంది.

వెనక ఎక్కేవారి సంగతి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. దయచేసి ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

సంత రోజున బండి ఆపితే చాలు, "బాబూ, ఊరి దాకా ఎక్కించుకోండి" అంటారు. తట్టలతో ఆడవాళ్ళు, చంకలో పిల్లలు. పది కిలోమీటర్లు నడిచి వచ్చినవారు. వెనక తొట్టి ఖాళీగా ఉంది. కాదనడానికి నోరు రాదు. మేమూ చాలా ఏళ్ళు ఎక్కించుకున్నాం. పుణ్యమే చేస్తున్నామనుకున్నాం.

చట్టం ఏమంటుందో చూడండి. సరుకు బండికి చేయించే తప్పనిసరి బీమా రోడ్డు మీది మూడో మనిషిని కాపాడుతుంది. బండిలో సరుకు యజమాని గానీ, అతను పంపిన మనిషి గానీ ఉంటే వారినీ కాపాడుతుంది. 1994 సవరణతో వచ్చిన రక్షణ అది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుడికి అది వర్తించదని 2002 చివర్లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు తీసుకున్నారా లేదా అన్నదాంతో పని లేదు. ఉచితంగా, దయతో ఎక్కించుకున్నా అంతే. బండి బోల్తా పడి వెనక ఉన్నవారు చనిపోతే, పరిహారం బండి యజమాని కట్టాలి. కొన్ని కేసుల్లో ముందు బీమా కంపెనీని చెల్లించమని, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. ఎలా చూసినా చివరికి వచ్చేది రిటైరైన మనిషి ఇంటి మీదికే.

మన డబ్బు పోవడం ఒక్కటే కాదు ఇక్కడ నష్టం. మన దగ్గర అంత లేకపోతే ఆ గిరిజన కుటుంబానికి ఎవరిస్తారు? ఇంటి పెద్దను పోగొట్టుకుని, చేతికి రూపాయి రాకుండా మిగిలిపోయేది వారే. మన దయ వల్ల వారు మోసపోకూడదు కదా. ఇది అర్థమైన రోజు నుంచి మేము తొట్టిలో ఎవరినీ ఎక్కించడం లేదు. తట్టలు, బస్తాలు మాత్రం వేసుకుంటాం. మనుషులు వెనక వచ్చే ఆటోలోనో, బస్సులోనో వస్తారు. మొదట్లో "హాజీగారు మారిపోయారు" అన్నారు. కారణం వివరించాక అర్థం చేసుకున్నారు. కొందరు ఇప్పుడు వేరే బండ్లవారిని కూడా బీమా సంగతి అడుగుతున్నారు.

మరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు? రెండేళ్ళ క్రితం వానలో, రాత్రి తొమ్మిదికి, నొప్పులు పడుతున్న అమ్మాయిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. 108కి ఫోను చేశారు. బండి ఇంకొక ఊరి నుంచి బయలుదేరింది, గంట పడుతుందన్నారు. మా తలుపు కొట్టారు. ఆ రాత్రి చట్టం పుస్తకం తెరవలేదు. అయితే తొట్టిలో పడుకోబెట్టనూ లేదు. క్యాబిన్‌లో డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవచ్చు. అమ్మాయిని, అత్తగారిని అక్కడ కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. భర్త మోటారు సైకిల్ మీద వెనక వచ్చాడు. 108 డ్రైవరుతో ఫోనులో మాట్లాడుతూ ఎదురు వెళ్ళి, సగం దారిలో అప్పగించాం. తెల్లవారాక ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. అప్పటి నుంచి మా పద్ధతి ఒక్కటే. ముందు 108కి చెప్పడం, తర్వాత ఎదురు వెళ్ళడం, మనుషులు క్యాబిన్‌లో మాత్రమే, ఎన్ని సీట్లుంటే అంతమందే.

ఓవర్‌లోడు గురించి కూడా ఇక్కడే చెబుతాం. 2019 సవరణ ప్రకారం దానికి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. జరిమానా కంటే పైన చెప్పిన బ్రేకుల లెక్కే ఎక్కువ భయపెట్టాలి. దానధర్మాల సరుకైనా బరువు బరువే. రంజాన్ కిట్లు ఒకే ట్రిప్పులో పట్టించాలని చూడకండి, రెండు ట్రిప్పులు వేయండి.

కళ్ళు, చేతులు, తాళంచెవి

చట్టం ప్రకారం 55 దాటినవారికి లైసెన్సు ఐదేసి సంవత్సరాలకే రెన్యూవల్ అవుతుంది. 40 దాటినవారు డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్‌ను కొందరు డాక్టరు ముఖం చూడకుండానే తెచ్చుకుంటారు. అలా చేసి మోసం చేసేది మనల్ని మనమే.

మా పెద్దాయనకు ఎదుటి లైట్లు చెదిరి కనిపిస్తున్నాయని చాలా నెలలు ఎవరికీ చెప్పలేదు. శుక్లం. ఆపరేషన్ అయ్యాక చూపు బాగుపడింది. షుగరుతో పాదం మొద్దుబారింది మాత్రం బాగుపడలేదు. బ్రేకు మీద కాలు ఎంత పడుతోందో తెలియడం లేదని ఒకరోజు తనే చెప్పారు. తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఇక నేను పక్క సీటే" అన్నారు. ఆయన బండి నడపడం మొదలుపెట్టింది ఇరవై ఏళ్ళ వయసులో. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డారో మాకు తెలుసు. ఇప్పటికీ ప్రతి ట్రిప్పులో పక్కన ఉంటారు. పుస్తకం రాసేది ఆయనే, వాసన ముందు పట్టేదీ ఆయనే.

మేము పెట్టుకున్న నియమాలు మూడు. చీకటి పడ్డాక ఘాట్ దిగేది లేదు. సరుకుతో దిగేటప్పుడు ఒంటరిగా వెళ్ళేది లేదు. ఏటా ఒకసారి కళ్ళు, షుగరు, బీపీ పరీక్ష చేయించుకుని మిగతా ఇద్దరికీ చూపించాలి.

డబ్బు లెక్క

మా పుస్తకంలోని ఒక ఏడాది లెక్క ఇది. మీది కొంత అటూ ఇటూ ఉండవచ్చు. నడిచింది 10,000 కిలోమీటర్లు. డీజిల్ 90,000 రూపాయలు. బీమా 35,000. ఇందులో 2022 జూన్ నుంచి 7,500 కిలోల లోపు సరుకు బండికి నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియమే 16,049, పన్ను అదనం. సర్వీసింగు, ఆయిళ్ళు, ఫిల్టర్లు 18,000. టైర్ల కోసం పక్కన పెట్టింది 10,000. బ్రేకులు, క్లచ్, కమాన్లు 20,000. ఫిట్‌నెస్, పన్ను, పొగ సర్టిఫికెట్ 8,000. మొత్తం 1,81,000.

ఇందులో డీజిల్ తీసేస్తే 91,000. అంటే నెలకు ఏడున్నర వేల పైన. బండి తక్కువ తిరిగినా ఇందులో పెద్ద భాగం తగ్గదు. ఇంకా బండి విలువ ఏటా తరుగుతుంది. తొమ్మిదిన్నర లక్షలకు కొని ఎనిమిదేళ్ళకు మూడు లక్షలకు అమ్మితే ఏటా 80,000 పైన తరుగు. అదీ కలిపితే కిలోమీటరుకు 26 రూపాయలు.

కాబట్టి నెలకు నాలుగైదు రోజులే పని ఉన్నవారు బండి కొనవద్దు, కిరాయికి పిలవండి. డ్రైవరుకు పని దొరుకుతుంది, మీ డబ్బు మీ దగ్గర ఉంటుంది. నెలకు పదిహేను రోజులు తిరిగే పని, చూసుకునే ఓపిక, నడపడానికి తోడుగా ఒక చిన్నవాడు, ఈ మూడూ ఉన్నవారే కొనండి. మాలాగా ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే ఇంకా మంచిది. వాటాలు, ఎవరు తప్పుకుంటే ఎంత ఇవ్వాలన్నది ముందే కాగితం మీద రాసుకోండి. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడకండి. అప్పును రాసుకోమని ఖురాన్‌లోనే ఆదేశం ఉంది.

జకాత్ గురించి అడిగేవారున్నారు. సొంతానికి వాడుకునే బండి మీద, పనిముట్టుగా వాడే బండి మీద జకాత్ లేదు. దాని మీద వచ్చిన ఆదాయంలో ఖర్చులు పోను మిగిలి, మీ మిగతా డబ్బుతో కలిసి నిసాబ్‌కు చేరి ఏడాది నిలిస్తే దాని మీద ఉంటుంది. మీ పరిస్థితిని మీ ఇమాం గారికి చెప్పి తేల్చుకోండి.

దాతలకు చివరి మాట

ఏటా ఎవరో ఒకరు "మా పాత బండి సొసైటీకి ఇచ్చేస్తాం" అంటారు. ఆ మనసుకు కృతజ్ఞతలు. కానీ ఎనిమిదేళ్ళు దాటిన బండి వస్తే దానితోపాటు ఏటా ఫిట్‌నెస్, బీమా, టైర్లు కూడా వస్తాయి. వాటికి డబ్బు లేక షెడ్డులో తుప్పు పట్టే బండి ఎవరికీ మేలు చేయదు. అలాంటి బండిని అమ్మి ఆ సొమ్ము ఇవ్వడం మేలు. లేదా బండితోపాటు రెండేళ్ళ బీమా, ఒక సెట్టు టైర్లు ఇవ్వండి. బండి ఇవ్వలేనివారు ఏడాదికి ఒక బ్రేకు సర్వీసింగు ఖర్చు పెట్టుకున్నా చాలు. ఫలకం మీద పేరు వేయలేని దానం అది. ఘాట్ దిగే ప్రతిసారీ పనికొచ్చే దానం కూడా అదే.

బండి ఉన్నవారు ఈ సంచిక పక్కన పెట్టగానే బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ రంగు చూడండి. నల్లగా ఉంటే రేపే మార్పించండి. అల్లాహ్ మనందరి ప్రయాణాలనూ క్షేమంగా సాగనిచ్చుగాక, ఆమీన్.